మధ్యస్థ బడ్జెట్‌లో పలక స్పీకర్లా, పెట్టె స్పీకర్లా?

వీణ_శ్రోత:
నమస్కారం అండీ. కూకట్‌పల్లిలో మా ఫ్లాట్ హాలు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. నేలంతా టైల్స్, ఒక పక్క బాల్కనీ అద్దం. చేతిలో లక్షా డెబ్బై వేలున్నాయి. ఇంట్లో ఉన్న యాంప్లిఫయర్ (యాంప్) 50 వాట్లది, అదీ 8 ఓమ్‌ల నిరోధం ఉన్న స్పీకర్లకు. ఎక్కువగా వినేది వీణ, గాత్రం, ఘంటసాల పాటలు. పోయిన నెల బెంగళూరులో స్నేహితుడి ఇంట్లో మాగ్నెపాన్ పలకలు విన్నాను. వీణ తీగను పక్కకు లాగి గమకం పలికిస్తుంటే, మెట్టు మీద తీగ రాసుకునే చిన్న సవ్వడి కూడా చెవిన పడింది. అప్పటి నుంచి మనసు వాటి మీదే ఉంది. అడిగిన ప్రతివాళ్లూ మాత్రం పెట్టె స్పీకర్లే కొనమంటున్నారు. ఏం చేయమంటారు?

పలక_పక్షం:
మీ చెవి మీకు నిజమే చెప్పింది. పలకలే తీసుకోండి. మాగ్నెపాన్‌లో మైలార్ అనే పలుచని ప్లాస్టిక్ పొర మీద లోహపు పట్టీలు అతికించి, దాన్ని అయస్కాంతాల ముందు బిగిస్తారు. పట్టీల్లో కరెంటు పారగానే ఆ పొరే కదిలి గాలిని కదిలిస్తుంది. చుట్టూ చెక్క పెట్టె లేదు కాబట్టి పెట్టె అదిరే చప్పుడు పాటలో కలవదు. మీరు విన్న ఆ రాపిడి అందుకే అంత స్పష్టంగా వచ్చింది.

ఇవి ఒకప్పుడు బాగా డబ్బున్నవాళ్ల వస్తువులు. ఇంగ్లండులో పీటర్ వాకర్ తన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ పలక స్పీకర్‌ను 1957లో అమ్మకానికి తెచ్చాడు. దాని పొరకు వేల వోల్టులు కావాలి, గోడ ప్లగ్గుకు కలపాలి. 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో జిమ్ వైనీ మాగ్నెపాన్ పెట్టి, అయస్కాంతాలతో ఆ బెడద లేకుండా చేశాడు. 2019లో వచ్చిన వాళ్ల ఎల్‌ఆర్‌ఎస్ అనే మోడల్ జత అప్పుడు అక్కడ 650 డాలర్లే. ఆ తర్వాతి ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్ 2022లో వెయ్యి డాలర్లకు దగ్గరగా వచ్చింది.

ఇంకోటి. పలక ముందుకీ వెనక్కీ మోగుతుంది, పక్కలకు దాదాపు ఏమీ పోదు. మీ 11 అడుగుల వెడల్పుకు 51 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 51 సార్లు కంపించే లోతైన స్వరం దగ్గర, గది గుమ్మంటుంది. పలక పక్క గోడలను అంతగా కదిలించదు కాబట్టి ఆ గుమ్మనడం తగ్గుతుంది.

చెక్కపెట్టె:
అన్నా, 51 హెర్ట్జ్ మాట బాగానే ఉంది. కానీ ఎల్‌ఆర్‌ఎస్ కింది హద్దుగా కంపెనీ చెప్పేదే 50 హెర్ట్జ్. ఆ స్వరం దగ్గరే అలసిపోయే స్పీకర్ అక్కడ గదిని కదిలించకపోవడం పెద్ద గొప్పేమీ కాదు.

వీణ_శ్రోత గారూ, మీ బడ్జెట్‌ను మింగేది యాంప్. 2.83 వోల్టులు ఇస్తే ఎల్‌ఆర్‌ఎస్ ఎంత బిగ్గరగా మోగుతుందో చెబుతూ 86 డెసిబెల్స్ అని రాస్తారు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఆ వోల్టేజీ అంటే ఒక వాట్. ఇది 4 ఓమ్‌లది కాబట్టి రెండు వాట్లు తింటుంది. వాట్‌కు లెక్కేస్తే 83 డెసిబెల్సే. మూడు డెసిబెల్స్ పెంచాలంటే పవర్ రెట్టింపు కావాలి. మీ 50 వాట్ల యాంప్‌కు 4 ఓమ్‌లు తగిలిస్తే, కచేరీ తనియావర్తనం దాకా వచ్చేసరికి యాంప్ మూత మీద చెయ్యి పెట్టలేరు. నా పాత యాంప్ అలాగే రెండుసార్లు పోయింది, బాగు చేయించడానికి అయిన ఖర్చు ఇప్పటికీ గుర్తుంది. పలకలకు దిగుమతి సుంకం, రవాణా, పైన 4 ఓమ్‌లను మోయగల యాంప్. ఇవన్నీ కూడితే లక్షా డెబ్బై ఎక్కడికి సరిపోతుంది?

మీరు వినేది గాత్రమైనా పక్కన మృదంగం ఉంటుంది. తొప్పి మీద రవ్వ ముద్ద అంటించి వాయించే ఆ ఎడమ చేతి గుంకారం లేకపోతే కచేరీ సగమే. వార్ఫ్‌డేల్ లింటన్ లాంటి పెట్టె చూడండి. బాస్ పలికే ఎనిమిది అంగుళాల వూఫర్, 90 డెసిబెల్స్, కింద 40 హెర్ట్జ్ దాకా చెబుతారు. మీ 50 వాట్లు దానికి చాలు.

పలక_పక్షం:
తమ్ముడూ, లింటన్ పెద్ద పెట్టె కాబట్టి అంత బాస్ ఇస్తుంది. అందరూ పొగిడే చిన్న పెట్టె కెఫ్ ఎల్‌ఎస్50 మెటా చూడు. దాని కింది హద్దు 79 హెర్ట్జ్ దగ్గరే, అది కూడా 85 డెసిబెల్సే. పెట్టె అయితే చాలు బాస్ వస్తుందని వాళ్లకు చెప్పకు. యాంప్ విషయంలో నువ్వన్నది ఒప్పుకుంటాను. నేనూ ముందు పలకలు కొని, ఏడాది ఆగి యాంప్ కొన్నాను. ఆ ఏడాదంతా సౌండ్ తగ్గించుకునే విన్నాను. అయినా బాధపడలేదు.

సోల్డరింగ్_బాబాయ్:
ఇద్దరూ స్పీకర్ గురించి మాట్లాడుతున్నారు గానీ, ఆ అద్దం బాల్కనీ సంగతి ఎవరూ ఎత్తలేదు. పలక వెనక నుంచి వెళ్లే శబ్దం గోడకు కొట్టుకుని తిరిగి రావాలి. పలకను గోడకు మూడడుగులు ముందు పెడితే ఆ శబ్దం ఆరడుగులు ఎక్కువ నడిచి, 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అప్పుడే ఆ విశాలత వస్తుంది. గోడకు అడుగు దూరంలో పెడితే పాట బురదలో పడ్డట్టే. వెనక అద్దం ఉంటే ఇంకా కష్టం, మందపాటి పరదా తప్పదు.

నా మాట విని ఒక పని చేయి నాయనా. నాలుగడుగుల ఎత్తు, అడుగుంపావు వెడల్పు అట్టలు రెండు కోసి, గోడకు మూడడుగుల ముందు నిలబెట్టు. నాలుగు రోజులు అలాగే ఉంచు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరు ఎక్కడ నడుస్తున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో చూడు. రూపాయి ఖర్చు లేదు.

వీణ_శ్రోత:
బాబాయ్ గారూ, చెప్పినట్టే చేశాను. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి నిలబెట్టాను. మొదటి రోజే ఎడమ అట్ట వంటింటి దారికి అడ్డం వచ్చింది. రెండడుగులకు జరిపితే దారి దొరికింది, మూడడుగులు పోయింది. కుడి అట్ట వల్ల బాల్కనీ తలుపు సగమే తెరుచుకుంటోంది.

అంతకంటే ముఖ్యమైనది మూడో రోజు తెలిసింది. అమ్మ ఎప్పుడూ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుంటుంది, అక్కడి నుంచి అట్ట అంచు మాత్రమే కనిపిస్తుంది. స్నేహితుడి ఇంట్లో నేను సోఫా మధ్య నుంచి లేచి పక్కకు వెళ్లినప్పుడు గాత్రం పలచబడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఘంటసాల పాటలు నాకంటే ఎక్కువ వినేది అమ్మే.

పెట్టెలే కొంటున్నాను, యాంప్ పాతదే. మిగిలిన డబ్బులో మందపాటి తివాచీ, బాల్కనీకి పరదా.

పలక_పక్షం:
మంచి నిర్ణయమండీ, అమ్మగారి కుర్చీ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ పెట్టెలను గోడకు ఆనించేయకండి, అడుగున్నరైనా వదలండి. మొదట వీణ పెట్టుకుని, ఆ మెట్టు మీది సవ్వడి కోసం వినండి. వినబడకపోతే స్పీకర్లను కొంచెం మీ వైపు తిప్పి మళ్లీ వినండి. అలా వారం రోజులు తిప్పుతూ చూడండి. ఎంత తిప్పారో, ఏం మారిందో ఇక్కడ రాయండి. నేను చదువుతాను.