రేడియల్ గ్లియాను ‘కిరణ జిగురు కణం’ అనొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మెదడు ఎలా తయారవుతుందో హైస్కూలు పిల్లలకు చెప్పే వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. స్టెమ్ సెల్‌కి ‘మూలకణం’ అని రాశాను. పెరుగుతున్న మెదడులో ఉండే రేడియల్ గ్లియా అనే కణాల దగ్గర ఆగిపోయాను. రేడియల్ అంటే కిరణాల్లా సాగినది, గ్లియా అంటే గ్రీకులో జిగురు కాబట్టి ‘కిరణ జిగురు కణం’ అని పెట్టాను. బాగుందా? స్టెమ్ అంటే కాండం కదా, అసలు మూలకణం అనడం సరైనదేనా అని కూడా ఇప్పుడు అనుమానం వస్తోంది.

జవాబు:
అమ్మా, రెండో అనుమానం ముందు తీర్చేద్దాం. ఈ మాట జర్మన్‌లో పుట్టింది. 1868లో ఎర్న్‌స్ట్ హెకెల్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్త ‘ష్టామ్‌త్సెలె’ అన్నాడు. ష్టామ్ అంటే చెట్టు మాను, వంశం అని కూడా అర్థం. ఆయన మనసులో ఉన్నది వంశవృక్షం, జీవులన్నిటికీ ముత్తాత లాంటి ఒక్క కణం. మనకు మూలపురుషుడు అనే మాట ఎప్పటినుంచో ఉంది. కాండకణం అని ఉంటే అది మొక్కల పాఠంలోకి వెళ్లిపోయేది. మూలకణం అన్నవారు ఎవరో గానీ భావాన్ని సరిగ్గా పట్టుకున్నారు.

ఈ మాటలో ఇంకో అందం ఉంది. గుడిలో మూలవిరాట్టు కదలదు, ఊరేగింపుకి ఉత్సవమూర్తి బయల్దేరతాడు. మూలకణం రెండుగా విడిపోయేటప్పుడు చాలాసార్లు జరిగేది ఇదే. ఒక పిల్లకణం మూలకణంగానే అక్కడ ఉండిపోతుంది, రెండోది వేరే కణంగా మారి తన పని మీద వెళ్తుంది. నేను క్లాసులో ఇలాగే చెబుతాను, పిల్లలు మళ్లీ మర్చిపోరు.

జిగురు విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. నాడీకణాల మధ్య నిండి ఉన్నదానికి 1856లో రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ వైద్యుడు న్యూరోగ్లియా అని పేరు పెట్టాడు, పొట్టిగా గ్లియా. జర్మన్‌లో దాన్నే ‘నెర్వెన్‌కిట్’ అన్నాడు. కిట్ అంటే కిటికీ అద్దాలకు పెట్టే లప్పం. పేరు అలా పడ్డాక ఆ కణాలను నింపుడు సరుకుగానే చూశారు. పెరుగుతున్న మెదడులో లోపలి గోడ నుంచి పైపొర దాకా సైకిల్ చక్రం చువ్వల్లా సాగి ఉండేవే రేడియల్ గ్లియా. కొత్త నాడీకణాలు వాటిని పట్టుకుని పైకి పాకుతాయని 1970ల మొదట్లో పాస్కో రాకిచ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతి పిండాల మెదడులో చూపించాడు. దాంతో వాటిని తీగ పాకడానికి పాతిన గుంజల్లా అనుకున్నారు. అది నిజమే, కానీ సగమే.

మిగతా సగం తెలిసింది మాగ్డలీనా గ్యోట్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త లాంటివాళ్ల వల్ల. ఆవిడ ట్యూబింగెన్‌లో చదువుకుని, మ్యూనిక్ పక్కన మార్టిన్స్‌రీడ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో సొంత బృందంతో పనిచేసింది. చిట్టెలుక పిండాల మెదడులో రేడియల్ గ్లియా కణాలు మెరిసేలా చేసి, మెరిసేవాటినే వేరుచేసి పెంచి చూశారు. వాటిలోంచి నాడీకణాలు పుట్టాయి! ఆ ఫలితం 2000లో అచ్చయింది. మరుసటి ఏడాది కొలంబియా యూనివర్సిటీలో ఆర్నాల్డ్ క్రీగ్‌స్టైన్ బృందం ఇంకో సంగతి చూసింది. పుట్టిన నాడీకణం తనను కన్న కణం చువ్వనే పట్టుకుని పైకి పోతోంది, తల్లి కొంగు పట్టుకున్న బిడ్డలాగా. 2002లో గ్యోట్స్ బృందం పాక్స్6 అనే జన్యువును, పుట్టిన తర్వాతి మెదడు నుంచి తీసిన గ్లియా కణాల్లో పనిచేయిస్తే వాటిలో చాలా నాడీకణాలుగా మారాయి. ఆ తర్వాత ఆవిడ హెల్మ్‌హోల్ట్స్ మ్యూనిక్‌లో మూలకణ పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయింది. 2007లో జర్మనీలో పరిశోధకులకు ఇచ్చే పెద్ద బహుమతి, లైబ్నిట్స్ బహుమతి వచ్చింది. దెబ్బతిన్న మెదడులోని గ్లియాను నాడీకణాలుగా మార్చగలమా అన్నదే ఇప్పటికీ ఆవిడ పట్టుకున్న ప్రశ్న.

ఇన్నేళ్లు కష్టపడి సరిదిద్దిన పొరపాటును మనం తెలుగులో కొత్తగా నాటడం నాకు బాధగా ఉంటుంది. రేడియల్ గ్లియా అనే రాయండి. మొదటిసారి వచ్చిన చోట ‘మెదడును కనే మూలకణాలు’ అని చెప్పండి.

ఒక పెద్దాయన:
బాగా చెప్పారు. కానీ గ్లియా అని వదిలేస్తే పల్లెటూరి పిల్లవాడికి ఏం తెలుస్తుంది? మీరే గుంజ అన్నారుగా, ‘గుంజకణం’ అనకూడదా?

జవాబు:
మాస్టారూ, గుంజకణం వినడానికి చక్కగా ఉంది. కానీ గుంజ తీగను కనదు, మళ్లీ ఆ సగం దగ్గరే ఆగిపోతాం. గ్లియా అనే మాట పిల్లవాడికి తనంతట తాను ఏమీ చెప్పదు, ఒప్పుకుంటాను. తప్పు కూడా చెప్పదు. మిగతాది వాక్యం చెబుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇలా మార్చాను: ‘రేడియల్ గ్లియా మన మెదడును కనే మూలకణాలు. ఇవి మూలవిరాట్టులా ఉన్నచోటే ఉండి నాడీకణాలను కంటాయి. పుట్టిన నాడీకణాలు తల్లి చువ్వ పట్టుకుని పైపొరకు ఎక్కుతాయి.’ మీ పోలిక వాడుకోవచ్చా అండీ?

జవాబు:
తప్పకుండా వాడుకోండి. ఒక్క మాట మార్చండి, ‘ఎక్కుతాయి’ తీసేసి ‘పాకుతాయి’ అనండి. ఆ కణం ముందుకు ఒక కొస చాచి, ఆ తర్వాత ఒళ్లు లాక్కుంటూ కదులుతుంది. ఆ కదలికకు సరిపోయే మాట అదే.