మూడు జతల మేజోళ్ళు తొడిగినా కాలి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి: కాల్గరీలో ఆరుబయట పని

ప్రశ్న: కాల్గరీకి కొత్త

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. కిందటి ఆగస్టులో కెనడా వచ్చి, కాల్గరీలో ఇళ్ళు కట్టే ఒక సంస్థలో పనికి కుదిరాను. రోజుకు ఎనిమిది గంటలకు పైగా ఆరుబయటే ఉంటాను. ఉదయం పూట చెక్కలు, ఇనుప చువ్వలు మోయాలి, ఆ తరువాత సైటులోకి వచ్చే లారీలకు దారి చూపుతూ ఒకే చోట నిలబడాలి. నవంబరు దాకా ఎలాగో నెట్టుకొచ్చాను గానీ, చలి మైనస్ 20 డిగ్రీలకు దిగినప్పటి నుంచి పాదాలతో పెద్ద చిక్కే వచ్చిపడింది.

ఒక జత మేజోళ్ళు చాలవని రెండు, రెండు చాలవని మూడు జతల నూలు మేజోళ్ళు తొడిగాను. తోటి పనివాడు చెప్పాడని వాటిపైన ప్లాస్టిక్ సంచులు కూడా చుట్టి చూశాను. అయినా మధ్యాహ్నానికల్లా వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. సాయంత్రం బూట్లు విప్పితే పాదాలు రోజంతా నాట్లు వేసి వచ్చిన వాళ్ళ కాళ్ళలాగా తెల్లగా నాని, ముడతలు పడి ఉంటున్నాయి. మేజోళ్ళు పిండితే నీళ్ళు వస్తున్నాయి. మంచు లోపలికి దూరిందేమో అనుకుంటే, బూటు పైతోలు పొడిగానే ఉంది. ఇంకా మందమైన బూట్లు కొనాలా? కొంటే ఎలాంటివి కొనాలి?

జవాబు: ఎడ్మంటన్‌లో పద్నాలుగు చలికాలాలు

ఆ నీళ్ళు బయటి నుంచి వచ్చినవి కావండి, మీ పాదాలవే. అరికాళ్ళలో చెమట గ్రంథులు చాలా దట్టంగా ఉంటాయి. మీ పని వరస చూడండి: ఉదయం బరువులు మోసేటప్పుడు చెమట పడుతుంది, ఆ తరువాత కదలకుండా నిలబడినప్పుడు అదే చెమట చల్లబడి కాలిలోని వేడిని లాగేస్తుంది. నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా వేగంగా వేడిని మోసుకుపోతుంది. నూలు మేజోడు ఆ నీటిని పీల్చి పట్టుకుని కూర్చుంటుంది. మీరు చుట్టిన ప్లాస్టిక్ సంచి దాన్ని బయటికి పోనివ్వలేదు. నేనూ మొదటి ఏడాది ఇదే తప్పు చేశాను కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను.

మూడు జతలు తొడగడం రెండో పొరపాటు. మనల్ని వెచ్చగా ఉంచేది గుడ్డ మందం కాదు, దాని పోగుల మధ్య నిలిచే గాలి. ఒక జతకు సరిపోయే బూటులో మూడు జతలు కుక్కితే ఆ గాలికి చోటుండదు, వేళ్ళకు నెత్తురూ సరిగా అందదు. పలుచని మెరీనో ఉన్ని మేజోడు ఒకటి, దానిపైన మందమైన ఉన్ని మేజోడు ఒకటి చాలు. బరువుల పని కాగానే, నిలబడే పనికి ముందు, వాటిని మార్చుకోండి. నా అనుభవంలో దీనికి మించిన ఉపాయం లేదు. ఖరీదైన బూట్లు కూడా దీని తరువాతే.

బూట్ల విషయానికి వస్తే, ఇక్కడి నిర్మాణ పనులకు సాధారణంగా ఆకుపచ్చ త్రిభుజం ముద్ర ఉన్నవే అడుగుతారు. వేళ్ళపై బరువు పడినా, అడుగున మేకు గుచ్చుకున్నా ఆపగలదని ఆ ముద్రకు అర్థం. ముందు భాగంలో ఉక్కుకు బదులు కాంపోజిట్ (లోహం కాని గట్టి మిశ్రమ పదార్థం) ఉన్నవి తీసుకోండి, ఉక్కు చలిని వేళ్ళ దాకా తెస్తుంది. లోపలి ఫెల్ట్ లైనర్ (ఒత్తిన ఉన్ని తొడుగు) బయటికి తీయగలిగే రకమైతే మంచిది, రాత్రికి దాన్నీ అరికాలి కింది అట్టనూ లాగి విడిగా ఆరబెట్టవచ్చు. కొనేటప్పుడు ఆ రెండు మేజోళ్ళూ తొడుక్కుని, పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట వెళ్ళి, వేళ్ళు లోపల స్వేచ్ఛగా ఆడుతున్నాయో లేదో చూసుకోండి. చినూక్ అనే వెచ్చని గాలి వీచి మంచు ఒక్కసారిగా కరిగే రోజుల్లో మాత్రం ఫెల్ట్ బూట్లకన్నా నీరు చొరని రబ్బరు అడుగున్నవే నయం.

జవాబు: విజయనగరం మాజీ సైనికుడు

బాబూ, నేను లడఖ్‌లోని ద్రాస్‌లో రెండు చలికాలాలు కాపలా కాశాను. పొడి మేజోళ్ళ జత ఒకటి చొక్కా లోపల, పొట్టకు ఆనించి పెట్టుకునేవాళ్ళం. మార్చుకునేసరికి అది వెచ్చగా ఉండేది. నిలబడే చోట కాలికింద చెక్క పలక గానీ, మడిచిన గోనెసంచి గానీ వేసుకునేవాళ్ళం, ఎందుకంటే గడ్డకట్టిన నేల అడుగు నుంచే వేడిని గుంజుతుంది. మీ సైటులో చెక్కలకు కొదవ ఉండదు గదా, ఒక ముక్క తెచ్చి వేసుకోండి.

బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) పక్కన బూట్లు పెట్టి పడుకున్న కుర్రవాడి బూటు అడుగు తెల్లారేసరికి ఊడి నాలుకలా వేలాడడం నేను చూశాను. అంచేత హీటరు మీద ఆరబెట్టకండి, నలిపిన పాత వార్తాపత్రికలు లోపల కుక్కితే తడి పీల్చుకుంటాయి.

కాల్గరీకి కొత్త

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న చెక్క పలక వేసుకుని నిలబడ్డాను, తేడా వెంటనే తెలిసింది. ఇంకొక సందేహం: దుకాణంలో వేళ్ళకింద అతికించుకునే వేడి పొట్లాలు అమ్ముతున్నారు. వాడవచ్చా? నాకు మూడేళ్ళుగా షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను.

జవాబు: డాక్టరు, హైదరాబాదు

ఈ షుగర్ సంగతి మీరు మొదటే చెప్పి ఉండవలసింది. ఆ పొట్లాల్లో ఉండేది ఇనుప పొడి; గాలి తగిలి తుప్పు పట్టేటప్పుడు పుట్టే వేడే అది. బిగుతు బూటులో గాలి ఆడక సరిగా పనిచేయదు, వదులు బూటులో పనిచేస్తే, షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదం కాలుతున్నా మీకు తెలియదు. మీరు వాడకండి.

స్పర్శ పోవడం చలివల్లనా, షుగర్ వల్లనా అన్నది మీ అంతట మీరు తేల్చుకోలేరు, అక్కడి వైద్యుడి చేత పాదాల పరీక్ష చేయించుకోండి. రోజూ రాత్రి వేళ్ళ సందులు తుడిచి, అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోండి. పాదం గంటల తరబడి తడిలో ఉంటే దెబ్బతినడానికి గడ్డకట్టే చలే అక్కరలేదు, 15 డిగ్రీల వద్ద కూడా ఆ ప్రమాదం ఉంది. చర్మం మైనంలా పాలిపోయి గట్టిపడితే రుద్దకండి, హీటరుకు చూపకండి. వెచ్చటి గదిలోకి వెళ్ళి 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో పెట్టి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఆ నీటి వేడిని పాదంతో చూడవద్దు, ఇంట్లో మరొకరి మోచేతితో చూడమనండి.