తలకు దెబ్బ తగిలిన మనిషి పరిహారం కేసు: లోక్ అదాలత్‌లో రాజీపడాలా, ట్రైబ్యునల్‌లో నడపాలా?

నకిరేకల్ తమ్ముడు:
మా బావ వయసు 34. నకిరేకల్‌లో బోరు మోటార్ల వైండింగ్ షాపు నడిపేవాడు. కిందటేడు చిట్యాల నుంచి బండి మీద వస్తుండగా విజయవాడ హైవే మీద వెనక నుంచి లారీ కొట్టింది. హైదరాబాద్‌లో తలకు ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది. ఇప్పుడు నడుస్తాడు, మాట్లాడతాడు, చూసినవాళ్లెవరూ ఆయనలో లోపం ఉందనుకోరు. అయితే వైండింగ్ చుట్టేటప్పుడు చుట్ల లెక్క మధ్యలోనే తప్పిపోతోంది. కాయిల్ కాలిందో లేదో ఒకప్పుడు వాసన చూసి చెప్పిన మనిషికి ఇప్పుడు ఏ వాసనా తెలియడం లేదు. మోటారు ఆలస్యమైందేమని అడిగిన రైతు మీదికి పాన ఎత్తడంతో షాపు మూసేశాం. సదరం క్యాంపులో కుడి చేతి పట్టు తగ్గిందని 20 శాతం వైకల్యం రాసిచ్చారు, మతిమరుపు గురించి ఎవరూ అడగలేదు. లారీ డ్రైవరు మీద చార్జిషీటు పడింది, నల్లగొండలోని మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో పరిహారం కేసు వేశాం. వచ్చే లోక్ అదాలత్‌లో 9 లక్షలకు రాజీ చేసుకుందామని బీమా కంపెనీ వాళ్లు కబురు పెట్టారు. బావ వాళ్ల అన్న ఒప్పుకుందామంటున్నాడు, మా అక్క వద్దంటోంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

దేవరకొండ పెద్దన్న:
ఒప్పుకోండి. ఈ మాట కోర్టు అరుగుల మీద కూర్చుని నేర్చుకున్నవాడిగా చెబుతున్నాను. ట్రైబ్యునల్‌లో గెలిచినా అవతలివాళ్లు హైకోర్టుకు అప్పీలు వెళతారు, అక్కడ ఏళ్లు గడుస్తాయి. ఆసుపత్రి బిల్లు కట్టడానికి మీరు తెచ్చిన అప్పు మాత్రం ఏ కోర్టు కోసమూ ఆగదు. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ట్రైబ్యునల్ పరిహారం మీద వేసే వడ్డీ సాధారణంగా 6 నుంచి 9 శాతం మధ్య ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాను ఎవరి జేబులోంచి కడతారో ముందు చెప్పండి, ఆ తర్వాత న్యాయం గురించి మాట్లాడుకుందాం.

మిర్యాలగూడ మిత్రుడు:
ప్రమాదం జరిగినప్పుడు ఆయన హెల్మెట్ పెట్టుకున్నాడా లేదా? అది చెప్పకుండా సలహా అడగడంలో అర్థం లేదు.

పాలమూరు అమ్మ:
తమ్ముడూ, సంతకం పెట్టవద్దు. మా ఇంటాయనకు జడ్చర్ల దగ్గర ఇలాగే జరిగింది, ఇలాగే రాజీకి పిలిచారు, ఇలాగే ఇంటి మగవాళ్లంతా ఒప్పుకొమ్మన్నారు. నేను ఒప్పుకోలేదు. రెండో ఏడాదిలో ఆయనకు ఫిట్స్ మొదలయ్యాయి. తలకు బలమైన గాయమైనవారికి చాలా కాలం తర్వాత కూడా ఫిట్స్ రావచ్చునని డాక్టరు ముందే చెప్పాడు, ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ మందులు ఇప్పటికీ వాడుతున్నాం. రాజీ పత్రం మీద సంతకం చేసి ఉంటే ఆ ఖర్చు ఎవరిని అడగాలి? కాలు విరిగితే అతుక్కుందో లేదో ఎక్స్‌రేలో తెలుస్తుంది. తలలో ఏది పోయిందో ఇంట్లో ఉండే ఆడమనిషికి తప్ప స్కానింగుకు తెలియదు, అదీ కొన్నాళ్లు గడిస్తేనే తెలుస్తుంది.

వకీలు గుమాస్తా:
బీమా కంపెనీకి ఈ 9 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో చెబుతాను, అప్పుడు అది మంచి బేరమో కాదో మీకే అర్థమవుతుంది. మీ బావ నెల సంపాదన 15,000 అనుకుందాం. సొంత పని చేసుకునేవాడై 40 ఏళ్ల లోపు ఉంటే, ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, గాయాల కేసులకూ దాన్ని వర్తింపజేస్తున్నారు. అలా 21,000 అవుతుంది, ఏడాదికి 2,52,000. సరళా వర్మ తీర్పు ప్రకారం 31 నుంచి 35 ఏళ్ల వారికి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే అంకె, 16, కాబట్టి మొత్తం 40,32,000. దానిలో సదరం వాళ్లు రాసిన 20 శాతం మాత్రమే లెక్కిస్తే 8,06,400 వస్తుంది, పైన మందులకు కొంత కలిపి 9 లక్షలన్నారు. అంటే వాళ్లు లెక్క కట్టింది చేతికి, తలకు కాదు.

శరీర వైకల్యం శాతమూ సంపాదన శక్తి పోయిన శాతమూ ఒకటి కావని 2011లో రిపోర్టయిన రాజ్‌కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎడమ చేయి పోయినవాడు డ్రైవరో వడ్రంగో అయితే మొత్తం సంపాదన పోయినట్లే, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయితే పెద్దగా నష్టం ఉండకపోవచ్చునని అందులోనే ఉదాహరణ ఇచ్చారు. చుట్లు లెక్కపెట్టలేని, వాసన తెలియని, గిరాకీతో మాట్లాడలేని వైండింగ్ మెకానిక్‌కు 20 శాతమే నష్టం అనడం ఆ తీర్పుకు పొసగదు. ట్రైబ్యునల్ 70 శాతం అని నమ్మితే అదే లెక్క 28 లక్షలు దాటుతుంది.

దేవరకొండ పెద్దన్న:
"నమ్మితే" అన్న మాట దగ్గరే ఆగండి. డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. మా కేసులో డాక్టరు కోసం వాయిదాల మీద వాయిదాలు తిరిగాం. ఈ లోపల వడ్డీ పెరిగింది. నేను అడిగిన వడ్డీ ప్రశ్నకు ఇంతవరకు ఒక్కరూ జవాబు ఇవ్వలేదు.

మిర్యాలగూడ మిత్రుడు:
నా హెల్మెట్ ప్రశ్నకు కూడా జవాబు రాలేదు. హెల్మెట్ లేకపోతే సగం డబ్బు కోసేస్తారు.

వకీలు గుమాస్తా:
హెల్మెట్ లేకపోవడం వల్ల లారీ వెనక నుంచి రాదు. ప్రమాదానికి కారణమైన తప్పు వేరు, గాయం పెరగడానికి దోహదపడినది వేరు. బండి మీద ముగ్గురు ఉన్నంత మాత్రాన ప్రమాదంలో వాళ్ల తప్పూ ఉందని అనలేమని 2020లో మహమ్మద్ సిద్దీఖ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది కూడా ఈ దారిలోనే. కొన్ని చోట్ల కొంత శాతం తగ్గించిన మాట నిజమే కానీ, సగం కోస్తారనడం భయపెట్టడం అవుతుంది.

హాలియా రైతు:
వకీలు ఎంత శాతం అడుగుతున్నాడో అది కూడా కనుక్కోండి.

వకీలు గుమాస్తా:
వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. జిల్లాల్లో అది జరుగుతూనే ఉందని నాకూ తెలుసు. ఫీజు ముందే కాగితం మీద మాట్లాడుకోండి.

పాలమూరు అమ్మ:
పెద్దన్న గారూ, మీరు ప్రతి జవాబులోనూ వడ్డీ దగ్గరికే వస్తున్నారు. మంచం మీద నుంచి లేచి గ్యాస్ పొయ్యి వెలిగించి మరిచిపోయే మనిషిని ఒంటరిగా ఇంట్లో వదిలి కూలికి పోలేని ఆడదాని సంగతి మీ లెక్కలో ఎక్కడ ఉంది? గ్యాస్ లీకయినా అతనికి వాసన తెలియదు. అతన్ని కనిపెట్టుకుని ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికీ ఖరీదు కట్టాలి. 12 ఏళ్ల పిల్లకు తలకు దెబ్బ తగిలిన కాజల్ కేసులో 2020లో సుప్రీంకోర్టు సహాయకుల ఖర్చును కూడా గుణకంతో లెక్కించి మొత్తం పరిహారాన్ని 62 లక్షలు దాటించింది. ఆ తీర్పును మా వకీలు గారు చదివి వినిపించాకే నాకు ధైర్యం వచ్చింది. అసలు పరాయి ఇంటి రాజీకి మీకు ఇంత తొందర దేనికి?

దేవరకొండ పెద్దన్న:
తొందర దేనికో చెబుతాను, వినండి. నా తమ్ముడికి తలకు దెబ్బ తగిలినప్పుడు ఆసుపత్రిలో డబ్బు కట్టింది నేను. ఎకరం పొలం అమ్మాను, మిగిలినదానికి అప్పు తెచ్చాను. లోక్ అదాలత్‌లో రాజీ చేయించింది కూడా నేనే. డబ్బు తమ్ముడి ఖాతాలో పడింది. నెల తిరగకుండా మరదలు పిల్లలను తీసుకుని తల్లిగారింటికి పోయింది, పాస్‌బుక్కూ ఆమెతోనే పోయింది. నా పొలమూ పోయింది, నా అప్పూ నా మీదే ఉంది. పైగా తమ్ముడి పైసలు తినడానికి చూశానని కులం పెద్దల ముందు నన్నే నిలబెట్టారు. ఆమె కష్టం మీకు కనిపించింది, అన్న కష్టం కనిపించదు. ఈ తమ్ముడు బావ వాళ్ల అన్న గురించి ఒకే ఒక వాక్యం రాశాడు చూడండి, ఒప్పుకుందామంటున్నాడు అని. ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టారో రాయలేదు.

పాలమూరు అమ్మ:
మీ మరదలు ఎందుకు పోయిందో ఆమెను కూడా అడగాలి. మా ఇంట్లో మరుదులు పరిహారం రాకముందే దానిని పంచుకున్నారు. ఆసుపత్రికి మేము పెట్టినదని ఒకరు, బర్రెలు అమ్మామని ఇంకొకరు. నేను హైకోర్టు దాకా వెళ్లడానికి కారణం డబ్బు తక్కువైందని మాత్రమే కాదు. నాకు తెలియకుండా ఆయనతో తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించే ప్రయత్నం జరిగింది, అందుకు. పొద్దున చెప్పింది సాయంత్రానికి మరిచే మనిషి పెట్టే సంతకానికి విలువ ఎంత?

మిర్యాలగూడ మిత్రుడు:
ఇది కోర్టు చర్చా, ఇంటి పంచాయితీయా?

నకిరేకల్ తమ్ముడు:
బిల్లు కట్టింది బావ వాళ్ల అన్నే. దాచాలని రాయకపోవడం కాదు, అడిగిన ప్రశ్న వేరనుకున్నాను. ఆయన మూడు లక్షలకు పైగా వడ్డీకి తెచ్చాడు. ఇంకొక మాట కూడా ఉంది. మతిమరుపు పరీక్షలకు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లమని ఒక డాక్టరు అంటే ఆయన ససేమిరా అన్నాడు. ఎర్రగడ్డకు పోయాడంటే ఊళ్లో పిచ్చివాడని పేరు పడుతుందని, రేపు పిల్లలకు సంబంధాలు రావని అంటున్నాడు. అక్క కూడా ఆ విషయంలో ఆయన మాటకే మొగ్గుతోంది.

వకీలు గుమాస్తా:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. రాజీయా పోరా అన్నది రెండో ప్రశ్న. మీ బావ తన మేలు తాను చూసుకోగలడా అన్నది మొదటిది, దానికి మీ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పడానికి ఇష్టపడటం లేదు. చూసుకోగలిగితే అన్నా అక్కా పక్కకు తప్పుకుని ఆయన్నే అడగాలి, సంతకం ఆయనదే. చూసుకోలేకపోతే ఆయన తరఫున ఒకరిని కోర్టు ముందు పెట్టి కేసు నడపాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ 15వ రూలు ఇందుకే ఉంది. పిచ్చివాడని తేలనవసరం లేదు, మానసిక బలహీనత వల్ల తన ప్రయోజనాన్ని కాపాడుకోలేడని కోర్టు విచారించి తేల్చుకుంటే చాలు. అప్పుడు ఆ మనిషి తరఫున నిలబడినవారు కోర్టు అనుమతి లేకుండా రాజీ చేసుకోకూడదని అదే ఆర్డర్ 7వ రూలు చెబుతోంది. అలా నిలబడేవారికి ఆయన ప్రయోజనానికి విరుద్ధమైన స్వార్థం ఉండకూడదు కూడా.

లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు, 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం అది చివరిది. ఒకసారి అవార్డు అయ్యాక ఫిట్స్ వచ్చాయనీ, మతి ఇంకా తగ్గిందనీ మళ్లీ తలుపు తట్టలేరు. రాజీ కుదరకపోతే మాత్రం నష్టమేమీ లేదు, కేసు మళ్లీ ట్రైబ్యునల్‌కే వస్తుంది. పరీక్షలకు ఎర్రగడ్డే కానక్కర లేదు, క్లినికల్ సైకాలజిస్టు ఉన్న పెద్దాసుపత్రి ఏదైనా సరే. మెడికల్ బోర్డుకు పంపమని ట్రైబ్యునల్‌నే కోరవచ్చు.

దేవరకొండ పెద్దన్న:
స్వార్థం ఉండకూడదంటే అప్పు తెచ్చి బతికించిన అన్న పనికిరాడన్నమాట. బాగుంది మీ చట్టం.

వకీలు గుమాస్తా:
గుమాస్తాను రాస్తున్నాను కాబట్టి కోపం నా మీద చూపించినా పరవాలేదు. అన్న కట్టిన బిల్లులు వైద్య ఖర్చు కింద కేసులోనే వసూలవుతాయి, రసీదులు ఆయన పేరు మీద ఉన్నా సరే ఆయన వచ్చి సాక్ష్యం చెబితే. దానికి ఆయన కోర్టు బోనెక్కాలి, రాజీ కోసం తమ్ముడి వేలు పట్టుకోవలసిన పని లేదు. మీ తమ్ముడి కేసులో ఆ బిల్లులు వేరుగా చూపించారా? అన్నీ కలిపి ఒకే మొత్తానికి రాజీ చేస్తే అందులో మీ పొలం ఎంతో, అతని తల ఎంతో ఎవరూ విడదీయలేరు. ట్రైబ్యునల్‌లో అయితే కొంత చేతికిచ్చి మిగతాది ఆయన పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంటారు. 1994లో రిపోర్టయిన సుసమ్మ థామస్ కేసు నుంచి ఆ పద్ధతి ఉంది. పాస్‌బుక్ ఎవరి దగ్గర ఉన్నా గడువుకు ముందు, కోర్టు అనుమతి లేకుండా తీయలేరు.

దేవరకొండ పెద్దన్న:
అప్పుడు ఇవేవీ నాకెవరూ చెప్పలేదు. అయినా నేను నా మాట మీదే ఉన్నాను. తీర్పు వచ్చేదాకా నెలనెలా వడ్డీ కట్టేది ఆ అన్నే, మీ రూలు పుస్తకం కాదు. ఆయనతో కూర్చుని ఆ మాట తేల్చకుండా మీ అక్క ఒక్కతే కేసు నడపాలనుకుంటే, రేపు సాక్ష్యానికి ఆయన రాడు.

పాలమూరు అమ్మ:
ఈ ఒక్కటి మీరు చెప్పింది నిజం. మా మరుదుల్లో ఒక్కరూ రాలేదు. బిల్లుల్లో సగం నిరూపించలేకపోయాం.

నకిరేకల్ తమ్ముడు:
ఈ లోక్ అదాలత్‌లో సంతకం పెట్టడం లేదు. మెడికల్ బోర్డు కోసం పిటిషన్ వేయమని వకీలు గారికి చెప్పాం, అక్క బావ తరఫున నిలబడుతుంది. పరీక్షలకు నిమ్స్‌లో అడుగుతాం. బావను కూర్చోబెట్టి అడిగితే షాపు మళ్లీ ఎప్పుడు తెరుస్తామని అన్నాడు, అంతకు మించి ఏమీ చెప్పలేదు. అన్న దగ్గర ఉన్న రసీదులన్నీ జిరాక్స్ తీశాం, సాక్ష్యానికి వస్తానన్నాడు. వడ్డీలో సగం మా ఇంటి నుంచి కడతామని నేను అన్నాను, అక్క తల్లిగారింటి పైసలు తనకు అక్కర్లేదని ఆయన లేచిపోయాడు. ఆ ముక్క ఇంకా తేలలేదు.