పాత కంప్యూటర్‌పై నాస్: ట్రూనాసా, ఓపెన్ మీడియా వాల్టా, ఉత్త డెబియనా?

ఎండుటాకు:
పక్కన పెట్టేసిన డెస్క్‌టాప్‌ను ఫైల్ సర్వర్‌గా (నాస్, అంటే ఇంట్లో అందరూ నెట్‌వర్క్ మీద వాడుకునే నిల్వ) మార్చాలని ఉంది. ర్యామ్ 8 జీబీ, ఈసీసీ (బిట్ తప్పులను తనే దిద్దుకునే రకం) కాదు. డిస్కులు నాలుగు: 4 టీబీవి రెండు, 6 టీబీది ఒకటి, 8 టీబీది ఒకటి. దాచవలసినవి కుటుంబం ఫొటోలు, స్కాన్ చేసిన కాగితాలు, బోలెడన్ని వీడియోలు, ఫోన్ల బ్యాకప్‌లు. సాఫ్ట్‌వేర్ ఉచితంగా, ఓపెన్ సోర్స్‌గా ఉండాలి. డబ్బు పెట్టి కొనాల్సిన అన్‌రెయిడ్ పేరు ఎత్తవద్దని ముందే మనవి. జెడ్‌ఎఫ్‌ఎస్ (డేటా చెడిందేమో సరిచూసుకునే ఫైల్ సిస్టమ్) లేకుండా ఫొటోలు దాచడం తెలివితక్కువ అని ఒక వర్గం, ఈసీసీ ర్యామ్ లేకుండా జెడ్‌ఎఫ్‌ఎస్ జోలికి పోవడమే తెలివితక్కువ అని ఇంకో వర్గం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ట్రూనాస్ పెట్టాలా, ఓపెన్ మీడియా వాల్ట్ పెట్టాలా (రెండూ వెబ్ పేజీతో నడిపే నాస్ సాఫ్ట్‌వేర్లు), ఏదీ లేకుండా డెబియన్ లినక్స్ మీద ఫైళ్లు పంచే సాంబా ఒక్కటి చాలా?

బిట్‌కాపరి:
ట్రూనాస్. మరో మాట లేదు. డిస్కు చచ్చిపోతే ఎలాగూ తెలుస్తుంది. భయపడవలసింది చదివిన డేటాలో ఒక బిట్ మారిపోయినా డిస్కు మాత్రం అంతా బాగుందని చెప్పే సందర్భానికి. లినక్స్ మామూలు ఎండీ రెయిడ్‌లో (డిస్కులను జట్టుకట్టే పద్ధతి) మిర్రర్ (ఒకే డేటా రెండు డిస్కుల మీద) పెట్టారనుకోండి, రెండు ప్రతుల్లో తేడా ఉందని అది కనిపెట్టగలదు గానీ ఏది అసలో, ఏది చెడిందో దానికి తెలియదు. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకు చెక్‌సమ్‌ను (డేటా మారిందో లేదో తేల్చే లెక్క) ఆ బ్లాకులో కాకుండా, దాన్ని చూపించే పై బ్లాకులో రాస్తుంది. అందుకే చెడిన ప్రతి తాను మంచిదాన్నేనని బుకాయించలేదు. మిర్రర్‌లో రెండో ప్రతి లెక్క సరిపోతే దాన్నే మనకిచ్చి, చెడినదాన్ని సరిచేస్తుంది కూడా.

ఈసీసీ గొడవంటారా, జెడ్‌ఎఫ్‌ఎస్ సృష్టికర్తల్లో ఒకరైన మాథ్యూ ఆరెన్స్ దీని గురించి ఎప్పుడో తేల్చి చెప్పారు: మిగతా ఫైల్ సిస్టమ్‌లకన్నా జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఈసీసీ ఎక్కువ అవసరమనడానికి ప్రత్యేక కారణం ఏదీ లేదు. ఉంటే మంచిదే, ఏ ఫైల్ సిస్టమ్‌కైనా. జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ప్రతి టీబీ డిస్కుకు ఒక జీబీ ర్యామ్ కావాలన్న లెక్క కూడా శిలాశాసనం కాదు. ర్యామ్‌ను నిజంగా మింగేది డీడూప్లికేషన్ (ఒకే డేటా పలుచోట్ల ఉంటే ఒక్క ప్రతే దాచడం), దాన్ని ముట్టుకోకండి.

ఉత్తసాంబా:
డెబియన్, సాంబా, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే దారి). పంచుకునే ఫోల్డర్‌కు పది లైన్ల కాన్ఫిగరేషన్ సరిపోతుంది. దానికోసం ఒక వెబ్ పేజీ, దాని వెనక డేటాబేసు, దానికొక అప్‌డేటు ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాదు.

డెబియన్‌దాసు:
చెక్‌సమ్‌ల గురించి బిట్‌కాపరి గారు చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. నా తగాదా జెడ్‌ఎఫ్‌ఎస్‌తో కాదు, ట్రూనాస్‌తో.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2005లో ఒలివియే కొషార్-లాబె యూనిక్స్ కుటుంబపు ఫ్రీబీఎస్‌డీ ఆధారంగా ఫ్రీనాస్ మొదలుపెట్టారు. తర్వాత అది ఐఎక్స్‌సిస్టమ్స్ అనే సంస్థ చేతికి వెళ్లింది. ఆ ఫ్రీనాస్‌కే పనిచేసిన ఫోల్కర్ థైలె లినక్స్ దారి పట్టి, డెబియన్ మీద ఓపెన్ మీడియా వాల్ట్ కట్టారు. 2011లో తొలి విడుదల. అంటే రెండూ దాయాదులే. 2020లో ఫ్రీనాస్ పేరు ట్రూనాస్ కోర్ అయింది. 2022లో ట్రూనాస్ స్కేల్ వచ్చింది, అది నిలబడింది డెబియన్ మీద! ఒకాయన వేరుపడి ఎక్కడికి వెళ్లారో, పదేళ్ల తర్వాత ఉమ్మడి కుటుంబమంతా అక్కడికే చేరింది. ఫ్రీబీఎస్‌డీ మీది కోర్ మాత్రం నిర్వహణ స్థితిలో మిగిలిపోయింది. స్కేల్‌లో యాప్‌లను మొదట కుబర్నెటీస్ అనే వ్యవస్థ మీద నడిపారు, 2024 అక్టోబరు నాటి 24.10 విడుదలలో డాకర్ అనే మరోదానికి మార్చారు. మార్పు మంచిదే, కాదనను. కానీ అప్పటికే యాప్‌లు అమర్చుకున్నవాళ్లలో చాలామంది వాటిని మళ్లీ పేర్చుకోవలసి వచ్చింది. ఆ నిర్ణయం వాళ్లది కాదు. పైగా ట్రూనాస్ కనీసం అడిగేదే 8 జీబీ ర్యామ్. ఎండుటాకు గారి దగ్గర ఉన్నది సరిగ్గా అంతే. ఓపెన్ మీడియా వాల్ట్ ఒక్క జీబీతోనే నడుస్తుంది, మిగిలినది క్యాషేకు.

ఇక డిస్కుల లెక్క. నాలుగింటినీ ఒకే రెయిడ్-జెడ్1లో (ఒక డిస్కు పోయినా తట్టుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ అమరిక) పెడితే ప్రతిదాన్నీ 4 టీబీ కిందే చూస్తుంది. పారిటీకి (పోయిన డేటాను తిరిగి కట్టే లెక్కకు) ఒకటి పోగా 12 టీబీ దక్కుతుంది, 6 టీబీ ఊరికే పడి ఉంటుంది. జతలుగా మిర్రర్ చేస్తే 4, 6 కలిపి 10 టీబీ. సైజులు కలవని డిస్కులకు జెడ్‌ఎఫ్‌ఎస్ పుట్టలేదు.

అర్ధరాత్రిసింక్:
అందుకే స్నాప్‌రెయిడ్ (అప్పుడప్పుడు పారిటీ లెక్కగట్టేది), మెర్జర్‌ఎఫ్‌ఎస్ (డిస్కులన్నిటినీ ఒకటిగా చూపేది) జంట. 8 టీబీది పారిటీకి ఇచ్చేస్తే 4, 4, 6 కలిపి 14 టీబీ చేతికొస్తుంది. ఏ డిస్కుకు ఆ డిస్కు మామూలు లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4, ఊడదీసి వేరే లినక్స్ యంత్రానికి తగిలిస్తే ఫైళ్లు కనిపిస్తాయి. ఒకటికి రెండు డిస్కులు పోయినా మిగతావాటిలోనివి భద్రం. రెయిడ్-జెడ్1లో రెండు పోతే అంతా గోవిందా. చెక్‌సమ్‌లు జెడ్‌ఎఫ్‌ఎస్ సొత్తు కూడా కాదు. స్నాప్‌రెయిడ్ కూడా రాసుకుంటుంది, స్క్రబ్ చేస్తే సరిచూస్తుంది.

బిట్‌కాపరి:
సింక్ (పారిటీని తాజా చేయడం) ఎప్పుడు జరుగుతుందో కూడా చెప్పండి. మీ పేరులోనే ఉంది. మధ్యాహ్నం చేర్చిన ఫొటోకు అర్ధరాత్రి దాకా రక్షణ లేదు. అంతకన్నా ముఖ్యం, ఈలోగా ఒక డిస్కులో ఫైళ్లు తుడిచేసి, అదే సమయానికి ఇంకో డిస్కు పోతే, పోయిన డిస్కులోని పాత ఫైళ్లు కొన్ని కూడా తిరిగి రావు. పారిటీ లెక్కకు ఆ తుడిచిన భాగాలు కావాలి కదా. రోజూ మారే ఫోన్ బ్యాకప్‌లను దాని మీద పెట్టమనడం నాకు నచ్చదు.

అర్ధరాత్రిసింక్:
బ్యాకప్‌లను పెట్టమని నేనూ అనలేదు. ఒకసారి రాసి వందసార్లు చూసే వీడియోలకు.

బిట్‌కాపరి:
దాసు గారికి రెండు మాటలు. ట్రూనాస్ నిర్ణయాలు ఒక సంస్థవి, నిజమే. ఓపెన్ మీడియా వాల్ట్ భారమంతా చాలావరకు ఆ ఒక్క థైలె గారి మీదే ఉంది, అది ఏ విధంగా నయం? రెండోది, లోపల ఉన్నది డెబియన్ అన్న ధీమాతో సాంబా ఫైలును చేత్తో దిద్దారనుకోండి. తర్వాత వెబ్ పేజీలో ఏదో మార్చి అప్లై నొక్కగానే అది సాల్ట్ అనే సాధనంతో ఆ ఫైలును మళ్లీ మొదటినుంచి రాసి, మీ దిద్దుబాటును తుడిచేస్తుంది. స్వేచ్ఛ ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే.

ఉత్తసాంబా:
ఇద్దరూ నా తరఫునే వాదిస్తున్నారు. సంతోషం.

డెబియన్‌దాసు:
సాల్ట్ విషయం ఒప్పుకోక తప్పదు. కానీ థైలె గారు రేపు విరమించుకున్నా నా డిస్కుల మీద ఉన్నది డెబియన్, ఎక్స్‌టీ4, సాంబా. వెబ్ పేజీ పోతుంది, ఫైళ్లు పంచుకోవడం ఆగదు. ఆరు నెలల తర్వాత నేను ఏం చేశానో నాకే గుర్తుండదు కాబట్టి ఆ పేజీ కావాలి. ఉత్తసాంబా గారి పది లైన్లలో డిస్కు పాడవుతోందని మెయిల్ పంపే లైను ఏదో చూపించమనండి.

ఎండుటాకు:
చదివాను, కొంత తేలింది. 4 టీబీవి రెండూ జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్‌గా: ఫొటోలు, కాగితాలు, ఫోన్ బ్యాకప్‌లు. 6 టీబీది విడిగా వీడియోలకు, పోతే మళ్లీ సంపాదించుకోగలను. 8 టీబీది సర్వర్‌లోంచి తీసేసి బయటి పెట్టెలో పెడతాను, వారానికోసారి తగిలించి ఆ మిర్రర్‌ను దానికి ఎక్కించి, మళ్లీ ఊడదీస్తాను. ఇక్కడ ఇంతసేపూ ఎవరూ ఈ సర్వర్‌కే బ్యాకప్ అన్న మాట ఎత్తలేదు. రాన్సమ్‌వేర్ వచ్చినా, నేనే పొరపాటున ఫోల్డర్ తుడిచినా మిర్రర్ ఆ నష్టాన్ని కూడా శ్రద్ధగా రెండు డిస్కుల మీదా రాస్తుంది కదా. వేదిక మాత్రం ఓపెన్ మీడియా వాల్ట్.

బిట్‌కాపరి:
జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ పెట్టుకుని, ట్రూనాస్ మాత్రం వద్దు! సరే, వినండి. జెడ్‌ఎఫ్‌ఎస్ లైసెన్సు సీడీడీఎల్, లినక్స్‌ది జీపీఎల్, రెండూ పొసగవంటారు, అందుకని అది లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లో కలిసి రాదు, విడి మాడ్యూల్‌గా వస్తుంది. ఓపెన్ మీడియా వాల్ట్‌లో దాన్ని ఓఎంవీ-ఎక్స్‌ట్రాస్ ప్లగిన్‌తో చేర్చుకోవాలి. కెర్నల్ ముందుకెళ్లి మాడ్యూల్ వెనకబడితే రీబూట్ తర్వాత పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల కూటమి) కనిపించదు. డేటా ఎక్కడికీ పోదు గానీ గుండె ఆగినంత పనవుతుంది.

డెబియన్‌దాసు:
దానికి మార్గముంది. అదే ఓఎంవీ-ఎక్స్‌ట్రాస్‌లోని కెర్నల్ ప్లగిన్‌తో ప్రాక్స్‌మాక్స్ (డెబియన్ ఆధారంగా నడిచే మరో వ్యవస్థ) కెర్నల్ పెట్టుకోండి, అందులో జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ కలిసే వస్తుంది. ఎప్పుడైనా బిట్‌కాపరి గారి వైపు మొగ్గాలనిపిస్తే పూల్‌ను ఇక్కడ ఎక్స్‌పోర్ట్ చేసి ట్రూనాస్‌లో ఇంపోర్ట్ చేసుకోవచ్చు. అక్కడికి వెళ్లాక పూల్ అప్‌గ్రేడ్ చేయమని అడిగితే మాత్రం తొందరపడకండి. కొత్త ఫీచర్లు ఆన్ చేసిన పూల్‌ను పాత ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ తెరవకపోవచ్చు, వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది.