పాత చెక్క బోటు తీసేస్తున్నాం, గంపగుత్తగా అమ్మెయ్యాలా? పార్టులు ఎక్కడ వెతకాలి?

జగన్నాథపురం కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది కాకినాడ. నాన్నగారి చెక్క బోటు, 42 అడుగులది, ఇక వేటకి పనికిరాదు. అడుగు పలకల్ని పురుగు తినేసింది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడిదాకా దిగిపోతోంది. ఏటా వేట నిషేధంలో పలకల సందుల్లో పత్తి దట్టించి గుగ్గిలం పట్టించడం, నాలుగు నెలలు తిరక్కుండానే మళ్లీ నీళ్లు ఊరడం, చివరికి వడ్రంగి మేస్త్రీ కూడా దీనిమీద ఇంకో రూపాయి పెట్టొద్దనేశాడు. ఇంజన్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది, అశోక్ లేలాండ్ ఆరు సిలిండర్లది. పాత సామాన్లు కొనే ఆయన వచ్చి బోటంతా కలిపి ఒకే రేటు చెప్పాడు. ఇచ్చెయ్యమంటారా? ఇంకోటి, మా బాబాయి బోటుకి గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ కావాలి, కొత్తవి కొనే స్తోమత లేదు. గుజరాత్‌లో పాత ఓడలు విరగ్గొట్టే అలంగ్ వెళ్తే చవగ్గా వస్తాయంటున్నారు, నిజమేనా?

హార్బర్ మెకానిక్ (విశాఖ):
తమ్ముడూ, గంపగుత్తగా మాత్రం ఇవ్వకు. నీ బోటులో డబ్బంతా ఇంజన్, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్, దాన్ని తిప్పే షాఫ్టు, వల లాగే వించ్‌లోనే ఉంది, చెక్క చూపించి బేరం తగ్గించి ఇవన్నీ ఇనుము లెక్కన పట్టుకుపోతారు. ప్రొపెల్లర్ ఇత్తడిజాతి లోహం, దాని తూకం రేటు వేరు, ఇనుంతో కలిపి కాటా వెయ్యనివ్వకు.

బాబాయిగారికి పాత ప్రొపెల్లర్ చూసేటప్పుడు ముందు బురద, గవ్వలు గీకించి కాస్త ఆకురాయితో రుద్ది రంగు చూడు. పసుపుగా మెరిస్తే మంచిది. గులాబీ రంగు తిరిగిందంటే లోహంలోని జింకు ఉప్పునీళ్లకి కొట్టుకుపోయినట్టే, అది చూడ్డానికి నిండుగా ఉన్నా లోపల గుల్ల. వేలాడదీసి చిన్న సుత్తితో రెక్క మీద తట్టు, ఖంగుమనాలి, బొద్దుగా చప్పుడొస్తే ఎంత చవకైనా వదిలెయ్. మధ్యలో బొడ్డు మీద రెండు అంకెలు కొట్టి ఉంటాయి, ఒకటి వ్యాసం, ఒకటి పిచ్ (ఒక చుట్టుకి లెక్క ప్రకారం ముందుకెళ్లే దూరం), రెండూ అంగుళాల్లో. కుడివైపు తిరిగేదా ఎడమవైపు తిరిగేదా అన్నది కూడా చూసుకోవాలి.

గేర్‌బాక్సుకి రేకు మీద నిష్పత్తి రాసి ఉంటుంది, అంటే ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుందని. ఇప్పుడున్నదానికంటే తేడా నిష్పత్తి పెట్టి అదే ప్రొపెల్లర్ తిప్పితే ఇంజన్ లాగలేక నల్లపొగ కక్కొచ్చు, లేదంటే ఉత్తినే అరుస్తూ బోటు కదలదు. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడు, మజ్జిగలా ఉంటే నీళ్లు కలిశాయి.

అసలు నా మాట అడిగితే, మీ పాత బోటు ఇంజన్, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ సెట్టే బాబాయి బోటుకి ఎందుకు ఎక్కించకూడదు? ఒకదానికొకటి సరిపోయి ఇన్నేళ్లు పనిచేసిన సెట్టుని విడగొట్టి బయట అమ్మి, మళ్లీ బయటే ఎవరిదో గేర్‌బాక్సు కొనడం ఎందుకు?

ఓడల వెల్డర్:
నేను అలంగ్‌లో పనిచేశాను. 1983 నుంచి అక్కడ ఓడలు విరగ్గొడుతున్నారు, పెద్ద పోటు రోజున ఓడని ఇంజన్ మీదే ఒడ్డుకి ఎక్కించేస్తారు, పాటు వచ్చాక కోత మొదలవుతుంది. కానీ అవి సముద్రాలు దాటే ఓడలు. వాటి ప్రొపెల్లర్ మనిషి ఎత్తుకి రెండింతలుంటుంది, ముక్కలు కోసి కరిగించడానికే, మన బోటుకి దానితో పని లేదు. రోడ్డు పొడుగునా దుకాణాల్లో తాళ్లు, గొలుసులు, పంపులు, జనరేటర్లు, మంచాలు, వంటపాత్రలు అన్నీ దొరుకుతాయి. మన చిన్న పడవలవాళ్లకి నిజంగా పనికొచ్చేది లైఫ్‌బోటు ఇంజన్. ఓడమీద వారం వారం పరీక్షకి, ప్రమాదాల డ్రిల్లులప్పుడు మాత్రమే కాసేపు తిప్పుతారు కాబట్టి ఏళ్లు గడిచినా పెద్దగా అరగదు, గేర్‌బాక్సు కూడా దాంతోనే వస్తుంది. కాకపోతే చిన్న ఇంజన్లు, 42 అడుగుల బోటుకి చాలవు, స్పేర్లు ఇక్కడ దొరకవు కూడా. లైఫ్‌జాకెట్లు, సిగ్నల్ రాకెట్లు మాత్రం అక్కడ కొనొద్దు. రాకెట్లకి గడువు మూడేళ్లే, రాత్రిపూట సముద్రంలో అవసరమైనప్పుడు వెలగకపోతే ఎవర్ని అడుగుతాం?

ఉప్పాడ ఆడపడుచు:
కనీసం చెక్క బోటుకి ఒక దారుంది. మంచి టేకు పలకలు వేరే బోట్లకి అతుకులకి పోతాయి, మిగతాది చెక్కకి చెక్కే. ఒకటి చెప్తాను, ఆ పలకల్ని పొయ్యిలో పెట్టనివ్వకండి, ఏళ్ల తరబడి పట్టించిన తారు, రాగి కలిపిన అడుగు రంగు పొగలోకి వచ్చేస్తాయి, పిల్లలున్న ఇళ్లు. మా వీధిలో ఇప్పుడన్నీ ఫైబర్ తెప్పలే. పాడైతే ఎవరూ కొనరు, కరగదు, కుళ్లదు, కాలిస్తే ఊపిరాడనివ్వని పొగ. ఒడ్డున ఎక్కడ చూసినా పగిలిన తెప్పలే. ఫ్రాన్స్‌లో 2019 నుంచి పాత విహార పడవల్ని తయారీదారుల డబ్బుతో ఉచితంగా విరగ్గొట్టి తీసేస్తున్నారట. మన దగ్గర అమ్మినవాళ్లు తిరిగి తీసుకోరు, ప్రభుత్వమూ అడగదు. ఇది మారాలి.

రికార్డుల రాజు:
బోటు విప్పకముందే మత్స్యశాఖ ఆఫీసుకెళ్లి రిజిస్ట్రేషన్, లైసెన్సు రద్దుకి కాగితం పెట్టండి, ఫొటోలు తీసి ఉంచుకోండి. 2008లో ముంబై మీదికొచ్చినవాళ్లు వాడింది దారిలో పట్టుకున్న చేపల బోటే, అప్పట్నుంచి బోటు నంబర్ల విషయంలో గట్టిగా ఉంటున్నారు. మీ నంబరు వేరే బోటు మీద కనిపిస్తే సమాధానం మీరే చెప్పుకోవాలి. ఇంజన్ బాబాయి బోటుకి మారిస్తే ఆ ఇంజన్ నంబరు ఆయన రికార్డులో ఎక్కించాలి.

జగన్నాథపురం కుర్రాడు:
మెకానిక్ అన్నా, సెట్టు మార్చే ఆలోచన మాకు తట్టనే లేదు, బాబాయితో మాట్లాడాను, ఆయనకి ఇష్టమే. ఆయనది నాలుగు సిలిండర్లది, బోటు 38 అడుగులు. ఆరు సిలిండర్లది కూర్చుంటుందా? పని ఎప్పుడు పెట్టుకుంటే మంచిది?

హార్బర్ మెకానిక్ (విశాఖ):
బరువు, పొడుగు రెండూ పెరుగుతాయి కాబట్టి ఇంజన్ కూర్చునే దుంగలు మార్చాల్సి రావొచ్చు, ముందు ఇంజన్ గది పొడుగు టేపుతో కొలిచి, షాఫ్టు ఎంత మందమో, బోటు వెనక అది దూరే గొట్టం ఎంతుందో రాసి పెట్టు. ప్రొపెల్లర్ రెక్క చివరికి, బోటు అడుగుకి మధ్య ఖాళీ చాలకపోతే బోటంతా ఒణుకుతుంది, అది మర్చిపోవద్దు. వెనక్కి బరువెక్కి బోటు చతికిలబడుతుందేమో మీ మేస్త్రీని అడుగు, ఆయన వద్దంటే ఆగిపో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధంలో అందరూ రిపేర్లకి ఎగబడతారు, మేస్త్రీలు దొరకరు, పార్టులకి రేట్లు పెంచేస్తారు. ఫిబ్రవరి, మార్చిలోనే కావలసినవి కొని పెట్టుకుని, బోటు ఒడ్డుకెక్కిన మర్నాడే పని మొదలుపెట్టండి. కొలతలు ఇక్కడే పెట్టు, చూసి చెప్తాను.