తాడ్వాయి అడవిలో పిట్టల పలుకు వినిపిస్తోంది, పిట్ట కనిపించడం లేదు: ఏ కాలంలో, ఎలా చూడాలి?

ప్రశ్న (హనుమకొండ)

నమస్కారం. భద్రకాళి, వడ్డేపల్లి చెరువు గట్ల మీద పక్షులను చూడడం నాకు అలవాటే. నీళ్లలో ఉన్న పక్షి చాలాసేపు ఒకే చోట ఉంటుంది, వెలుతురు బాగుంటుంది, పుస్తకం తీసి బొమ్మతో పోల్చుకోవడానికి తీరిక దొరుకుతుంది. ఏటూరునాగారం అభయారణ్యంలో, ముఖ్యంగా తాడ్వాయి పరిసరాల్లో, ఈ వసతులేవీ లేవు. తెల్లవారేసరికి అడవి అంతా పలుకుతూ ఉంటుంది. తల ఎత్తితే టేకు ఆకులు తప్ప ఏమీ కనిపించవు. కొమ్మ కదిలిన చోటికి బైనాక్యులర్ తిప్పేలోపే పక్షి వెళ్లిపోతుంది. ఇలాంటి అడవికి ఏ నెలలో వెళ్లాలి, నడుస్తూ చూడాలా, ఒకచోట కూర్చోవాలా? ఫోనులో కూత వినిపించి పక్షిని దగ్గరకు రప్పించడం సరైనదేనా? నా దగ్గర ఉన్నది 10×50 బైనాక్యులర్. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (ములుగు)

ముందుగా నడక తగ్గించండి. చెరువు దగ్గర మనం పక్షి ఉన్న చోటికి వెళ్తాం; అడవిలో పక్షులు వచ్చే చోటు చూసుకుని మనం ఆగాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, అంటే చాలా పక్షులకు గూళ్ల పని లేని కాలంలో, చిన్న పక్షులు జాతి భేదం లేకుండా గుంపు కట్టి మేతకు తిరుగుతాయి. అందుకే అరగంట సేపు ఒక్క పిట్ట కూడా కనిపించని చోట ఒక్కసారిగా పది రకాలు దిగుతాయి, కాసేపటికి మళ్లీ అంతా ఖాళీ అవుతుంది. ఎక్కువ కళ్లు ఉంటే డేగ రాకను ముందే పసిగట్టవచ్చు, ఒకటి లేపిన పురుగు మరొకదానికి దొరుకుతుంది. గుంపు కట్టడంలోని లాభం అదే.

ఆ గుంపు వచ్చినప్పుడు ఒక చెట్టును పైనుంచి కిందకు చూడండి. చిటారు కొమ్మల్లో నారింజ రంగు మినివెట్లు, ఆకుల నడుమ ఐయోరా, మానును అంటిపెట్టుకుని పైకి పాకే వడ్రంగి పిట్ట, అదే మాను మీద తలకిందులుగా దిగివచ్చే నట్‌హాచ్ కనిపిస్తాయి. ఒకటి వెతికిన చోట మరొకటి వెతకదు. తోక చివర రెండు ఈకలు వేలాడే రాకెట్ టెయిల్డ్ డ్రాంగో కూత వినిపిస్తే అక్కడి నుంచి కదలకండి, అది చాలాసార్లు గుంపు వెంటే ఉంటుంది. ఇతర జాతులు లేపిన పురుగులను పట్టుకుంటుంది, ప్రమాదం వస్తే హెచ్చరిస్తుంది. ఇతర పక్షుల కూతలను అనుకరించడం కూడా దాని స్వభావం. కనుక కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ చూపించిన పేరును కంటితో చూడకుండా జాబితాలో రాసుకోవద్దని నా సలహా.

బైనాక్యులర్ విషయానికి వస్తే, అడవికి 8×42 మేలు. వెలుతురులో పెద్ద తేడా ఉండదు, కానీ 8 రెట్లలో కనిపించే మేర ఎక్కువ, చేతి వణుకు తక్కువగా తెలుస్తుంది, కాబట్టి ఆకుల్లో పక్షిని త్వరగా పట్టుకోగలుగుతారు.

జవాబు (జన్నారం)

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. కవ్వాల్ వైపు అడవుల్లో తిరిగే నాకు నచ్చిన కాలం ఫిబ్రవరి, మార్చి నెలలు. టేకు ఆకు చాలావరకు రాలిపోయి కొమ్మలు బయటపడతాయి, సరిగ్గా అప్పుడే బూరుగు, మోదుగ పూస్తాయి. పూసిన బూరుగు ఒకటి చూసుకుని, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. గోరింకలు, గులాబీ గోరింకలు, వంగపండ్లు (పసుపు రంగు ఓరియోల్ పక్షులు), ఏట్రింతలు (నల్ల డ్రాంగోలు) తేనె కోసం ఆ దళసరి ఎర్రపూలలో ముఖం దూర్చి తాగుతాయి. తల ఎత్తినప్పుడు ముక్కు మొదట పుప్పొడి అంటుకుని కనిపిస్తుంది. అలా చెట్టు నుంచి చెట్టుకు పుప్పొడిని మోసేది అవే. ఏప్రిల్, మే నెలల్లో పండిన మర్రి, జువ్వి చెట్ల దగ్గర చూడండి. నీటి గుంటలకు, సాసర్ పిట్లకు (జంతువుల కోసం కట్టిన నీటి తొట్లకు) మాత్రం దూరంగా ఉండండి, ఎండాకాలంలో జంతువులకు ఆ నీరే ఆధారం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కూత వినిపించే సంగతి, వానాకాలం సంగతి ఎవరైనా చెప్పగలరా?

జవాబు (వరంగల్)

జన్నారం సార్ చెప్పిన కాలంలో చూడడం సులువు, నిజమే. కానీ ఈ అడవి నిండుగా పలికేది జూన్‌లో, తొలి వానలతో. చలికాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపే పొన్నంగి పిట్ట ఆ రోజుల్లో మధ్య భారతం వైపు గూడు పెట్టడానికి వస్తుంది. పొద్దున, సాయంత్రం రెండు స్వరాల ఈలతో పిలుస్తుంది. దాన్ని కొమ్మల్లో కాక నేల మీద వెతకాలి. పొట్టి తోక, ఆకుపచ్చ వీపు, తోక కింద ఎరుపుతో తడి ఆకులను ముక్కుతో తిరగేస్తూ గెంతుతుంది.

ఫోనులో కూత వినిపించడం మానండి, గూళ్ల కాలంలో అసలే వద్దు. తన హద్దులోకి మరో మగపక్షి వచ్చిందనుకుని అది మేత, గూడు వదిలి పోట్లాటకు వస్తుంది. మనకు ఒక ఫోటో దక్కుతుంది, దానికి ఆ ఉదయమంతా వృథా అవుతుంది, గూడు కాకుల కంటపడే ప్రమాదమూ ఉంది. రోజూ కొత్తవాళ్లు వచ్చి ఇదే పని చేస్తే ఆ పక్షి అక్కడ ఎలా నిలుస్తుంది?

మీరు ఎలాగూ తాడ్వాయి వెళ్తున్నారు కనుక ఒక అభ్యర్థన. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేలాది చెట్లు ఒకేసారి కూలిపోయాయి. నీడ ఉన్న చోట ఇప్పుడు ఎండ పడుతోంది. అక్కడ ఏ పక్షులు తగ్గాయో, ఏవి కొత్తగా చేరాయో తెలియాలంటే ఎవరో ఒకరు ఏటా అదే చోట నిలబడి రాయాలి. తేదీ, సమయం, చెట్టు, పక్షి కూర్చున్న ఎత్తు రాసి, పక్షులను చూసినవారు వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో చేర్చండి. ఏమీ కనిపించని రోజు కూడా రాయండి. తారు రోడ్డు మీద నిలబడి చూస్తే వాహనాలు గమనించుకోండి. లోపలి బాటల్లోకి మాత్రం స్థానిక అటవీ కార్యాలయంలో అనుమతి తీసుకున్నాకే, వీలైతే దారి తెలిసిన ఊరివారిని వెంటబెట్టుకుని వెళ్లండి.