ఊలుతో కుట్టిన దిండు గలీబులకు కుచ్చులు, పూసలు, జిప్పు అవసరమా?

నాగావళి తీరం (శ్రీకాకుళం):
కాలం చేసిన మా పెద్దమ్మ కాన్వాస్ మీద ఊలు దారంతో కుట్టిన రెండు ముక్కలు చాలాకాలంగా బీరువాలోనే ఉండిపోయాయి. ఒకదాని మీద కలువలు, మరొకదాని మీద నెమలి. రెండూ 16 అంగుళాల చదరం, అంగుళానికి 13 గళ్లున్న కాన్వాస్, మొత్తం ఏటవాలు కుట్టే. చెల్లెలి గృహప్రవేశానికి వాటిని దిండ్లుగా చేయించి ఇవ్వాలని నా కోరిక. నెమలి ముక్క ఒక మూలకు లాగినట్లు వాలిపోయి ఉన్నది. అమ్మ మాత్రం చుట్టూ జరీ కుచ్చులు వేయించి, పింఛంలోని కన్నులకు పూసలు కుట్టించమంటున్నది. నాకు అంచున సన్నని పైపింగు (లోపల తాడు పెట్టి కుట్టే గుడ్డ పట్టీ) చాలుననిపిస్తున్నది. వెనుక ఏ గుడ్డ వేయాలో, జిప్పు పెట్టించాలో లేక చేత్తోనే మూసి కుట్టాలో కూడా తేలలేదు. ఈ పని తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఊలుదారం (శ్రీకాకుళం):
ముందుగా వాలిపోయిన ముక్క సంగతి చూడండి. ఏటవాలు కుట్టు ప్రతి గడినీ ఒకే దిక్కుకు లాగుతుంది కాబట్టి, చదరంగా మొదలైన కాన్వాస్ చివరికి పక్కకు ఒరుగుతుంది. అడ్డ వరుసలుగా కుట్టినప్పుడు ఈ వాలు ఎక్కువ. మూల నుంచి మూలకు కుట్టుకుంటూ పోతే తక్కువ. దీనిని సరిచేయకుండా దిండుగా మారిస్తే ఆ వంకర శాశ్వతంగా మిగులుతుంది. తడిపిన తెల్లగుడ్డను ప్రతి రంగు మీదా అదిమి, రంగు దిగడం లేదని నిర్ధారించుకున్న తరువాతే ముక్కను చెమ్మగిల్లేటంత తడపండి. మేకు దిగే మెత్తని పలక మీద కొలత ప్రకారం చదరం గీసి, ముక్కను బోర్లా పరచి, కుట్టులేని కాన్వాస్ అంచులో తుప్పుపట్టని చిన్న మేకులను దగ్గర దగ్గరగా కొడుతూ గీత దాకా లాగి బిగించండి. పూర్తిగా ఆరేదాకా తీయవద్దు. వానాకాలంలో మన వైపు అది తొందరగా ఆరదు. ఒక్కసారికి సరిపడకపోతే మళ్లీ తడిపి మళ్లీ బిగించాలి.

ఇక అలంకారాలు. పూసలు వద్దు, అద్దాలు వద్దు, జరీ కుచ్చులు అసలే వద్దు. మీ పెద్దమ్మగారు రంగు పక్కన రంగు ఎంచుకుని ఆ పింఛానికి వెలుగునీడలు తెచ్చి ఉంటారు. దాని మీద మెరిసే పూస పెడితే చూపు పూస మీదే నిలుస్తుంది, కుట్టు వెనుకబడుతుంది. జిప్పు కూడా వద్దు. మూడు వైపులు కుట్టి, దిండు లోపల పెట్టి, నాలుగో వైపు కుట్టు పైకి కనబడకుండా చేత్తో మూయండి. టైలరుకు మాత్రం ఇవ్వకండి. నేను ఎంతో ఇష్టంగా కుట్టుకున్న ఒక ముక్కను విజయనగరంలో ఒకరికి ఇస్తే, చుట్టూ ఉన్న కాన్వాస్‌ను పావు అంగుళం మిగిల్చి కత్తిరించారు. కొన్నాళ్లకే అంచు పోగులు విడిపోయి, కుట్టు వరుసలు ఊడిపోయాయి. ఆ ముక్కను మళ్లీ కుట్టడం ఎవరి వల్లా కాదు.

గంటస్తంభం టైలరింగు (విజయనగరం):
ఊలుదారం గారూ, మీకు జరిగిన నష్టం నిజమైనదే. అయితే ఒకరు చేసిన తప్పుకు మా వృత్తినంతటినీ పక్కన పెట్టమనడం న్యాయం కాదు. కాన్వాస్ పని తెలిసినవాడు కత్తిరించడానికి ముందే చుట్టూ మిషను మీద వంకీల కుట్టు వేసి పోగులను కట్టేస్తాడు. కనీసం ముప్పావు అంగుళం అంచు వదులుతాడు. అసలు కుట్టును సరిహద్దు మీద కాక ఒక వరుస లోపలికి వేస్తాడు. అలా వేయకపోతే దిండు నిండిన తరువాత అంచు పొడవునా తెల్లని కాన్వాస్ గళ్లు బయటపడతాయి. నాలుగు మూలలను కచ్చితమైన లంబకోణంలో కుట్టకుండా కాస్త లోపలికి వాలుస్తాడు, లేకపోతే మూలలు చెవుల్లాగా పొడుచుకొస్తాయి. ఇవన్నీ ఇంట్లో చేత్తో చేసుకోగలిగేవారు చాలా తక్కువ.

జిప్పు తప్పనిసరి అని నా అభిప్రాయం. లోపల బూరుగు దూది పెడితే ఏడాదికొకసారైనా తీసి ఎండబెట్టాలి. చేత్తో మూసి కుట్టిన గలీబును ప్రతిసారీ విప్పి మళ్లీ కుడుతుంటే అంచు కాన్వాస్ ఎన్నాళ్లు నిలుస్తుంది? పైగా లోపలి దిండు గలీబు కంటే పెద్దదిగా ఉండాలి. 16 అంగుళాల గలీబుకు 18 అంగుళాల దిండు పెడితేనే మూలలు నిండుగా ఉంటాయి. దానిని సన్నని సందులోంచి లోపలికి తోయడం కష్టం.

పొందూరు పంచె:
వెనుక గుడ్డకు పొందూరు ఖద్దరును మించినది ఎందుకు వెతకాలి? వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి వడికిన నూలుతో నేసిన గుడ్డ అది, గాంధీజీ మెచ్చిన గుడ్డ. మన జిల్లా ఇంట్లో మన జిల్లా దిండుకు మఖమల్ ఎందుకు?

గంటస్తంభం టైలరింగు:
పొందూరు ఖద్దరు మీద నాకూ గౌరవమే. కానీ నూరో నెంబరు నూలుతో నేసిన సన్నని గుడ్డ ఒక వైపు, ఊలు నిండిన బరువైన కాన్వాస్ మరో వైపు ఉంటే, కుట్టు దగ్గర సన్నని గుడ్డే ముందుగా చిరుగుతుంది. ఖద్దరే కావాలంటే దాని లోపలివైపు చిక్కని నూలు గుడ్డను జతచేసి, రెండింటినీ ఒకే గుడ్డగా కుట్టాలి. రెండు గుడ్డలనూ ముందుగానే తడిపి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే వెనుక భాగం కుదించుకుపోయి దిండు వంగుతుంది. పైపింగు లోపలి తాడుకూ ఇదే నియమం. పైపింగు పట్టీని గుడ్డకు ఐమూలగా కత్తిరిస్తేనే మూలల దగ్గర ముడతలు లేకుండా తిరుగుతుంది.

ఊలుదారం:
మీరు ఖద్దరు గురించి, తాడు గురించి చెప్పినది సరే. నేను అడిగినది జిప్పు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో జిప్పు ఎంతకాలం కదులుతుంది?

కళింగపట్నం గాలి:
మా ఇంట్లో ఇత్తడి పళ్ల జిప్పులు బిగుసుకుపోయి, చివరికి గలీబునే కోయవలసి వచ్చింది. ఇది మాత్రం నిజం.

గంటస్తంభం టైలరింగు:
అందుకే లోహపు పళ్ల జిప్పు వాడకూడదు. నైలాను చుట్టల జిప్పుకు తుప్పు పట్టదు. దానిని కింది అంచులో పైపింగు చాటున పెడితే కంటికి కనబడదు.

ఊలుదారం:
నైలాను జిప్పుకైనా పట్టి లాగే బిళ్ల లోహానిదే కదా. అది తుప్పుపడితే మరక ఊలుకే అంటుతుంది. ఊలు మీద తుప్పు మరక పోవడం ఎంత కష్టమో ఈ పని చేసేవారికి తెలుసు.

చీపురుపల్లి:
జిప్పు లేకుండా వెనుక భాగాన్ని రెండు ముక్కలుగా చేసి, ఒకదాని మీద మరొకటి నాలుగైదు అంగుళాలు కప్పేటట్లు కుడితే సరిపోతుంది. మా ఇంట్లో దిండ్లన్నీ అలాంటివే.

గంటస్తంభం టైలరింగు:
బిళ్లకు తుప్పు పడుతుందన్న భయంతో జిప్పునే మానేయడం అతిజాగ్రత్త. బిళ్ల మీదికి గుడ్డతో చిన్న కప్పు కుట్టవచ్చు. ఇన్నేళ్లుగా నేను కుట్టినవి ఎవరూ తుప్పు మరకతో తిరిగి తీసుకురాలేదు.

ఊలుదారం:
తిరిగి తీసుకురాకపోవడం బాగున్నట్లు సాక్ష్యం కాదు. నేనూ నా ముక్కను ఆ టైలరు దగ్గరకు తిరిగి తీసుకువెళ్లలేదు.

బొబ్బిలి చదువరి:
అడిగినవారు కుచ్చులు, పూసల గురించి కూడా అడిగారు. ఊలు కుట్టులో పూసలు కలపడం కొత్త వింతేమీ కాదని గుర్తుచేయాలి. 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో అచ్చువేసి రంగులు వేసిన గడుల నమూనాలు ఐరోపా అంతటా వ్యాపించినప్పుడు, ఆ నమూనాలను చూసి ఊలుతో కుట్టినవారు ఎన్నో చోట్ల గాజు పూసలు కూడా కలిపారు. పూస వేస్తే కుట్టు చిన్నబోతుందన్నది ఒకరి అభిరుచి కావచ్చు. ఈ కళకు నియమం మాత్రం కాదు.

ఊలుదారం:
వారు పూసలను నమూనాలోనే లెక్కవేసుకుని, ఏ గడిలో పూస, ఏ గడిలో ఊలు అని ముందే నిర్ణయించుకుని కుట్టారు. కుట్టడం ముగించిన మనిషి ఇప్పుడు లేనప్పుడు, ఆమె ఊలుతో నింపిన గడి మీద మరొకరు పూస పెట్టడం వేరు. టైలరుగారు ఇటువంటి భేదాన్ని పట్టించుకోరు, ఎందుకంటే ఆయనకు అది ఒక అరపూట పని. అంచు కుట్టి, కూలి తీసుకుని, తరువాతి గలీబు చేతిలోకి తీసుకుంటారు.

గంటస్తంభం టైలరింగు:
అరపూట పని అన్నారు కాబట్టి నేనూ ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఒక ప్రదర్శనకు పంపిన దిండు మా దుకాణంలో తయారైనదే. ఆ ముక్క నా దగ్గరకు వచ్చేసరికి రెండు అంగుళాలు పక్కకు వాలి ఉన్నది. పలక మీద బిగించి సరిచేశాను, మళ్లీ బిగించాను, రంగుకు రంగు కలిసే పైపింగు గుడ్డ కోసం బజారంతా వెతికాను. అక్కడ అందరూ ఆ దిండు ఎంత తీరుగా ఉందో అని మెచ్చుకున్నారు. చీటీ మీద కుట్టిన ఆవిడ పేరు ఒక్కటే ఉన్నది. ఆవిడ నాకు ఇవ్వవలసిన డబ్బులో కూడా బేరమాడారు. నెలల తరబడి ఖరీదైన ఊలు కొనడానికి వెనుకాడనివారు, ఆ ముక్కకు దిండు ఆకారం ఇచ్చినవాడికి నాలుగు వందలు ఎక్కువని అంటారు. మీ దృష్టిలో కుట్టినవారు కళాకారులు, ముగించినవారు కూలీలు. మీ కోపం జిప్పు మీద కాదు.

ఊలుదారం:
నా కోపం జిప్పు మీద కాదన్నది నిజమే. దానికి కారణం మాత్రం మీరు అనుకున్నది కాదు. మీ దగ్గర గుడ్డ చెడితే మరో గుడ్డ తెస్తారు, జిప్పు చెడితే మరో జిప్పు వేస్తారు. కుట్టినవారి దగ్గర ఉన్నది ఒకే ముక్క. దాని మీద కత్తెర పడే క్షణంలో నష్టమంతా ఒక్కవైపే ఉంటుంది, అయినా ఆ నిర్ణయం మరొకరి చేతిలో ఉంటుంది. నా ముక్కను పాడుచేసిన మనిషి ఏమన్నారో తెలుసా? మరొకటి కుట్టుకోండి అన్నారు. మీరు చీటీ మీద పేరు లేదని బాధపడుతున్నారు. నా పేరున్న ముక్కే లేకుండా పోయింది.

పొందూరు పంచె:
ఇద్దరూ కాస్త శాంతించండి. ఇంటికి శుభకార్యం కోసం అడిగిన ప్రశ్న ఇది.

గంటస్తంభం టైలరింగు:
మరొకటి కుట్టుకోండి అన్న మాట ఏ టైలరూ అనకూడదు. నా దగ్గరకు ఇటువంటి పని వస్తే, కత్తిరించడానికి ముందు ఎంత అంచు మిగులుతుందో కాన్వాస్ మీద గీత గీసి, ఇచ్చినవారికి చూపించి, సరేనన్న తరువాతే కత్తెర పట్టుకోగలను. అందులో నాకు చిన్నతనం లేదు. కానీ అంతసేపు కూర్చుని చేసే పనికి తగిన డబ్బు ముందుగా మాట్లాడుకోవాలి. మీరు అడిగే జాగ్రత్తా, మీరు బేరమాడే కూలీ రెండూ ఒకచోట కుదరవు.

ఊలుదారం:
గీత గీసి చూపించడం ఒప్పుకుంటాను. డబ్బు ముందుగా మాట్లాడుకోవడం కూడా ఒప్పుకుంటాను; నేను ఎవరితోనూ బేరమాడలేదు. అయితే పలక మీద బిగించే పని కుట్టినవారి ఇంట్లోనే జరగాలి. ఏ రంగు దిగుతుందో, ఎక్కడ దారం ముడి బలహీనంగా ఉందో ముక్కతో కాలం గడిపినవారికే తెలుస్తుంది.

గంటస్తంభం టైలరింగు:
దీనిని నేను ఒప్పుకోను. ఇంట్లో బిగించి తెచ్చిన ముక్కలలో చాలావరకు మళ్లీ నేనే బిగించవలసి వస్తున్నది. పలక మీద చదరంగా కనబడితే చాలదు. మూలమట్టం పెట్టి చూడాలి, రెండు ఐమూలల కొలతా సమానంగా రావాలి.

నాగావళి తీరం:
అందరికీ కృతజ్ఞతలు. నెమలి ముక్క రంగులను ఇంట్లోనే పరీక్షిస్తాను. బిగించే పని మాత్రం గీత గీసి చూపించే టైలరు ఎదుటనే జరిగేలా చూస్తాను. వెనుక పొందూరు ఖద్దరు, దానికి లోపల చిక్కని గుడ్డ, చీపురుపల్లివారు చెప్పినట్లు ఒకదాని మీద ఒకటి కప్పే రెండు ముక్కలు. జిప్పు ఉండదు. జరీ కుచ్చులు లేకుండా పైపింగు ఒక్కటే వేయిస్తాను. పూసల దగ్గర అమ్మ వినడం లేదు. మా పెద్దమ్మ తన అక్క కాబట్టి, పింఛం కన్నులకు తన చేత్తోనే పూసలు కుడతానంటున్నది. దానిని కాదనడానికి నాకు మనసు రావడం లేదు. వెనుక లోపలివైపు చిన్న గుడ్డ పట్టీ మీద పెద్దమ్మ పేరు, అమ్మ పేరు, కుట్టి ముగించిన టైలరుగారి పేరు రాయిస్తాను.

ఊలుదారం:
పేర్లు రాయించడం మంచి పని, మూడు పేర్లూ ఉండనివ్వండి. పూసల మీద నా అభిప్రాయం మారలేదు. అయినా మీ అమ్మగారే కుడతానంటే ఒక్క సంగతి చెప్పండి. పలక మీద బిగించి ఆరిన తరువాత, వెనుక గుడ్డ జతచేయడానికి ముందు కుట్టమనండి. ఊలును చీల్చకుండా, ఉన్న గడి రంధ్రంలోంచే సన్నని సూదితో గాజు పూసను పట్టించి, ప్రతి పూసకూ దారాన్ని రెండుసార్లు తిప్పి, అయిదారు పూసలకొకసారి వెనుక ముడి వేయాలి. ఒక దారం తెగినా అన్నీ రాలిపోకుండా ఉంటాయి. లోహపు పూసలు మాత్రం దయచేసి వాడనివ్వకండి.

గంటస్తంభం టైలరింగు:
అంచు నుంచి అంగుళం లోపల పూసలేవీ ఉండకూడదని కూడా అమ్మగారికి చెప్పండి. మిషను పాదం కిందికి పూస వస్తే సూది విరుగుతుంది.